అపార్ట్‌మెంట్ లాబీకి బొమ్మ వేయడం: గోడ కొలిచిన రోజు నుంచి తగిలించే రోజు దాకా

గ్యాలరీలో బొమ్మ చూడటానికి జనం పనిగట్టుకుని వస్తారు. లాబీలో బొమ్మను చూడటానికి ఎవరూ రారు, దాన్ని దాటిపోతారు. పాల ప్యాకెట్‌తో, స్కూలు బ్యాగుతో, ఫోను చెవికి ఆనించుకుని, లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందా అని అంకెలు చూస్తూ దాటిపోతారు. అదే మనుషులు, రోజుకు రెండు మూడుసార్లు, ఏళ్ల తరబడి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే బొమ్మ సైజు, రంగులు, పైపూత, ఒప్పందంలో రాయాల్సిన షరతులు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. మరచిపోతే మాత్రం గ్యాలరీ బొమ్మనే పెద్దది చేసి గోడకు తగిలిస్తాం. ఆరు నెలలకల్లా అది ఎవరి కంటికీ ఆనదు.

కాన్వాస్ మీద చేయి తిరిగి ఉండీ, ఒక భవనం కోసం ఎప్పుడూ పని చేయని చిత్రకారుల కోసం ఇది రాస్తున్నాను. లెక్కలకు వీలుగా ఒక ఊహా భవనాన్ని పెట్టుకుందాం. హైదరాబాద్ పడమటి వైపు, ఐదంతస్తులు, నలభై ఫ్లాట్లు. లాబీలో లిఫ్టుకు ఎదురుగా 12 అడుగుల వెడల్పు, పదిన్నర అడుగుల ఎత్తు ఉన్న గోడ. గోడకు ఆనించి ఒక సోఫా. లిఫ్టు తలుపు నుంచి గోడకు 11 అడుగుల దూరం.

1. గోడ ఎవరిదో ముందు తేల్చుకోండి

పిలిచేవారు మూడు రకాలు. బిల్డర్, ఇంటీరియర్ డిజైనర్, లేదా ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్. ముగ్గురితో పని మూడు తీరులుగా నడుస్తుంది.

బిల్డర్ అయితే గృహప్రవేశాల తేదీ ముంచుకొస్తుంటుంది, నిర్ణయం మాత్రం త్వరగా వస్తుంది. ఒక్క విషయం అడగండి: ఉమ్మడి స్థలాలు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయా, అసోసియేషన్‌కు అప్పగించేశారా? 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం లిఫ్టు లాబీలు, మెట్లు ఉమ్మడి స్థలాల్లోకి వస్తాయి. వాటిని అసోసియేషన్‌కు అప్పగించాలి. అప్పగింత అయ్యాక బిల్డర్ ‘నేను చెబుతున్నాగా, వేసెయ్యండి’ అంటే సరిపోదు.

డిజైనర్ ద్వారా వస్తే మీకు డబ్బు ఇచ్చేది ఎవరో, బొమ్మకు ‘సరే’ చెప్పేది ఎవరో విడివిడిగా రాయించుకోండి. డిజైనర్‌కు బిల్లు రాలేదని మీ బిల్లు ఆగడం ఈ రంగంలో మామూలే.

అసోసియేషన్‌తో పని అన్నింటికన్నా నెమ్మది, నా దృష్టిలో అన్నింటికన్నా మంచిది కూడా, ఎందుకంటే ఆ బొమ్మ పక్కన బతికేది వాళ్లే. అయితే నలభై ఫ్లాట్లంటే నలభై అభిరుచులు. ‘అందరికీ నచ్చేలా వేయండి’ అన్న మాట వినిపించగానే అక్కడే ఆగండి. ఇద్దరు ముగ్గురితో చిన్న కమిటీ వేయమనండి, వారిలో చివరి మాట ఒకరిది కావాలి. పని మొదలయ్యే ముందు జనరల్ బాడీ తీర్మానం మినిట్స్‌లోకి ఎక్కాలి, దాని నకలు మీ దగ్గర ఉండాలి. కార్యవర్గం మారుతుంది. కొత్త కోశాధికారి ‘దీనికి ఎవరు ఒప్పుకున్నారు?’ అని అడిగే రోజున మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

2. గోడ దగ్గర ఒక పూట గడపండి

ఫొటోలు, డ్రాయింగులు పంపిస్తామంటారు. పంపనివ్వండి, కానీ టేపు పట్టుకుని మీరే వెళ్లండి. వెడల్పు, ఎత్తుతో పాటు స్విచ్ బోర్డులు, ఇంటర్‌కమ్, కెమెరా, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, గొట్టం చుట్టిన ఎర్ర పెట్టె, అత్యవసర ద్వారం బోర్డు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకోండి. అగ్నిమాపక సామగ్రిని, బయటికి దారి చూపే బోర్డును బొమ్మ కప్పకూడదు. నడిచే దారిలోకి పొడుచుకు రాకూడదు. కమిటీ ‘ఏం ఫరవాలేదు, పక్కకు జరుపుదాం’ అన్నా ఇక్కడ మొహమాటపడకండి.

తర్వాత ఎండ. ద్వారం అద్దంది అయితే మధ్యాహ్నం మూడు నుంచి సూర్యాస్తమయం దాకా ఉండి, ఎండ పడిన చోటల్లా కాగితపు టేపు ముక్క అంటించండి. దక్షిణం వైపు అద్దమైతే ఇంకో మెలిక ఉంది. డిసెంబరులో సూర్యుడు కిందుగా నడుస్తాడు కాబట్టి ఎండ లాబీలోకి చాలా లోపలిదాకా వస్తుంది. మే నెలలో చూసి ‘ఇక్కడ ఎండ పడదు’ అని రాసుకుంటే చలికాలంలో బొమ్మ సగం ఎండలో ఉంటుంది.

గోడ లోపల ఏముందో కూడా తెలియాలి. అనుమతి తీసుకుని, బొమ్మ వెనక్కి పోయే చోట సన్నని డ్రిల్‌తో చిన్న రంధ్రం పెట్టి, రాలిన పొడిని అరచేతిలోకి తీసుకోండి. ఎర్రటి పొడి అయితే ఇటుక. బూడిద రంగులో గట్టిగా, డ్రిల్ మొరాయిస్తూ వస్తే కాంక్రీటు. తెల్లగా, పిండిలా, శ్రమ లేకుండా రాలిపోతే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలతో తేలికగా చేసిన సిమెంటు దిమ్మ. ఇప్పటి భవనాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మామూలు ప్లగ్గు ఇందులో పట్టు నిలుపుకోదు, ఏఏసీ కోసమే చేసిన యాంకర్లు కావాలి. పొడి తెల్లగా ఉండి, ఆ వెంటనే డ్రిల్ ఖాళీలోకి దిగబడితే అది జిప్సం బోర్డు. అప్పుడు బరువు మోసేది వెనకున్న లోహపు చట్రం మాత్రమే. ఆ చట్రం ఎక్కడుందో చెప్పగల మనిషిని పిలిపించాలి.

చెమ్మ సంగతి అడిగితే ‘అబ్బే, లేదండీ’ అంటారు. గోడ అడుగున లప్పం పొక్కులు పొక్కిందా, తెల్లగా ఉప్పు పూసిందా చూడండి. గోడకు అవతలి వైపు ఏముందో చూడండి. సంపు, స్నానాల గది, మొక్కల తొట్టి, ఏది ఉన్నా జాగ్రత్తపడాల్సిందే. చెమ్మ ఉన్న గోడను బాగుచేయించే బాధ్యత వారిదని మొదటి ఉత్తరంలోనే రాయండి.

వెళ్లే ముందు వాచ్‌మన్ కుర్చీ ఎక్కడ వేసుకున్నారో గమనించండి. మీ బొమ్మను అందరికంటే ఎక్కువసేపు చూసేది ఆయనే. ఆ కుర్చీలో కాసేపు కూర్చుంటే లాబీ తీరు అంతా తెలుస్తుంది: పిల్లలు బంతి ఎటు తంతారు, సామాన్లు దించేటప్పుడు మంచాలు ఏ మలుపు దగ్గర గోడకు రాసుకుంటాయి, నేల తుడిచే కర్ర ఎంత ఎత్తు దాకా నీళ్లు చిమ్ముతుంది. వినాయక చవితి మండపం ఎక్కడ పెడతారో ఆయన్నే అడగండి. సరిగ్గా మీ గోడ ముందే పెడతారని తేలినా ఆశ్చర్యం లేదు.

3. ఏం వేయాలి

మొదటి సమావేశంలోనే వాస్తు గురించి మీరే అడిగేయండి. నమ్మకం ఉందా లేదా అన్నది మీ గొడవ కాదు. బొమ్మ పూర్తయ్యాక ‘ఈ గోడకు నీళ్లు ఉండకూడదట’ అనిపించుకోవడం మాత్రం మీ గొడవే. వాస్తు పండితుడు చూడాలంటే చిత్తు దశలోనే చూడాలి, ఆ తర్వాత కాదు. ఏడు గుర్రాల బొమ్మ అడిగేవారు తప్పక ఒకరుంటారు. వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే మార్కెట్‌లో ప్రింటు దొరికే బొమ్మకు చిత్రకారుడు ఎందుకండీ అని నవ్వుతూ అడుగుతాను.

దేవుళ్ల బొమ్మలు లాబీకి వద్దని నా అభిప్రాయం. ఉమ్మడి స్థలంలో అన్ని మతాల వాళ్లూ తిరుగుతారన్నది ఒక కారణం. దేవుడి బొమ్మ గోడకెక్కితే కొన్నాళ్లకు దాని ముందు అగరుబత్తి వెలుగుతుందన్నది రెండోది. ఆ మసి బొమ్మ మీదికే చేరుతుంది.

ఎవరో ఒకరు ఫోనులో తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మ చూపించి ‘ఇలాంటిది ఒకటి’ అంటారు. మర్యాదగా కాదనండి. మన దేశంలో చిత్రం మీద కాపీరైట్ చిత్రకారుడు ఉన్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. ఆ చట్టం లేకపోయినా నకలు నకలే. అయితే ఆ బొమ్మలో వాళ్లకు ఏం నచ్చిందో అడగండి. ఎర్రటి బొట్టా, చదునుగా పరిచిన రంగులా, ఊరి మనుషులా? అసలు కోరిక ఆ జవాబులో దొరుకుతుంది. కృత్రిమ మేధతో చేయించిన బొమ్మ తెచ్చినా ఇదే ప్రశ్న వేయండి.

చేర్యాల పటచిత్రాల శైలిలో కావాలంటే తరతరాలుగా వాటిని వేస్తున్న నకాషీ కుటుంబాలకే పని ఇప్పించండి, లేదా వారితో కలిసి చేయండి. ఎర్రటి నేపథ్యం వేసి, కళ్లు పెద్దవి చేసి ‘చేర్యాల’ అనడం బాగుండదు. శ్రీకాళహస్తి కలంకారీ అడిగితే ఇంకో ఇబ్బంది ఉంది. సహజ రంగుల్లో కొన్ని వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి. రాత్రంతా దీపాలు వెలిగే లాబీలో ఆ వస్త్రానికి యూవీ కిరణాలను ఆపే అద్దం, తక్కువ వెలుతురు, రెండూ కావాలి.

మరి ఏం వేయాలి? ఆ భవనం కింద, చుట్టుపక్కల ఉన్నదాన్ని వెతకమంటాను. మన ఊహా భవనం చుట్టూ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలు ఉండేవి. ఖాజాగూడ వైపు ఇంకా కొన్ని మిగిలాయి. ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టున్న ఆ గుండ్లు లాబీకి చక్కని వస్తువు. దూరం నుంచి చూస్తే పెద్ద పెద్ద ఆకారాలు, దగ్గరికి వస్తే రాతి మీద నాచు మచ్చలు, పగుళ్లలో మొలిచిన సీతాఫలం చెట్టు, నీడన ఒక తొండ. లాబీ బొమ్మకు కావలసింది ఈ రెండు దూరాలే. ద్వారం దగ్గర నుంచి చూసినప్పుడు రెండు క్షణాల్లో మనసుకు పట్టే ఆకారం ఒకటి కావాలి. లిఫ్టు కోసం నిలబడినప్పుడు రోజుకొకటి దొరికే చిన్న వివరాలు కొన్ని కావాలి. విజయవాడ అయితే కృష్ణ ఒడ్డు, విశాఖ అయితే డాల్ఫిన్స్ నోస్ కొండ. ఎక్కడికక్కడ ఏదో ఒకటి ఉండనే ఉంటుంది.

4. ధర, ఒప్పందం

చదరపు అడుగుకు ఇంత అని చెప్పడం తేలికే కానీ అందులో చిత్తు బొమ్మల పని, సమావేశాలు, మోత కూలి, తగిలించే ఖర్చు మునిగిపోతాయి. నాలుగు పద్దులుగా విడదీసి చెప్పండి: రూపకల్పన, సామగ్రి, చిత్రరచన, రవాణా-బిగింపు. పైన పది శాతం అనుకోని ఖర్చుల కింద ఉంచండి. దీపాల ఖర్చు వారిదని విడిగా రాయండి. బేరం వచ్చినప్పుడు ధర తగ్గించే బదులు సైజు తగ్గిస్తానని చెప్పగలగడానికి ఈ పద్దులే ఆధారం.

చెల్లింపు మూడు విడతలు: ఒప్పందం రోజున 40 శాతం, బొమ్మ సగమయ్యాక స్టూడియోలో చూపించి 40, గోడకెక్కిన వారంలోపు 20. మొత్తం 2,40,000 రూపాయలు అనుకుంటే చివర్లో ఆగేది 48,000. చివరి విడత ఇంతకు మించనివ్వకండి. అసోసియేషన్ దగ్గర ఆఖరి బిల్లు అందరికంటే నెమ్మదిగా కదులుతుంది. టీడీఎస్ కోసుకుంటారు కాబట్టి పాన్ వివరాలు ముందే ఇచ్చి, ధ్రువపత్రం అడిగి తీసుకోండి. జీఎస్టీ మీకు వర్తిస్తుందో లేదో ధర చెప్పకముందే మీ అకౌంటెంట్‌ను అడగండి.

ఇక చాలామంది చిత్రకారులకు తెలియని సంగతి. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రచయితే. కానీ అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఒకరు డబ్బిచ్చి చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైట్ వేయించుకున్నవారిదే అవుతుంది. అంటే మీరేమీ రాసుకోకపోతే మీ బొమ్మను వాళ్లు క్యాలెండర్ మీద వేసుకోవచ్చు, బిల్డర్ తన తర్వాతి ప్రాజెక్టు బ్రోచర్‌లో వాడుకోవచ్చు. ‘కాపీరైట్ చిత్రకారుడి వద్దే ఉంటుంది, భవనం గురించి చెప్పే సందర్భంలో బొమ్మ ఫొటో వాడుకునేందుకు అసోసియేషన్‌కు అనుమతి ఉంది’ అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో పెడితే చాలు.

కాపీరైట్ చేతులు మారినా మీతోనే మిగిలేది 57వ సెక్షన్ ఇచ్చే హక్కు. బొమ్మ మీదని చెప్పుకునే హక్కు, మీ పేరుకు మచ్చ తెచ్చేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. దీనికి మన దేశంలో అందరూ చెప్పే ఉదాహరణ శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ లాబీ గోడ మీద ఆయన చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి, మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇమ్మంది, 5 లక్షల రూపాయల పరిహారం కూడా ఇప్పించింది. కానీ మీరు, నేను అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగలేం. అందుకే ‘తీసేయాలనుకుంటే 30 రోజుల ముందు చిత్రకారుడికి తెలపాలి, తిరిగి తీసుకునే అవకాశం మొదట ఆయనకే ఇవ్వాలి’ అని రాయించుకోండి. నేరుగా గోడ మీద వేసే బొమ్మకు ఈ షరతు పెద్దగా అక్కరకు రాదు. గోడ పోతే బొమ్మా పోతుంది.

చిత్తులో ఎన్ని మార్పులకు ధర వర్తిస్తుందో కూడా రాయండి. రెండు అనండి. మూడో మార్పుకు రుసుము ఉందని తెలిస్తే కమిటీ తనలో తాను మాట్లాడుకుని మరీ వస్తుంది.

5. చిత్తు బొమ్మ, దినపత్రికల నకలు

అంగుళానికి ఒక అడుగు చొప్పున రెండు చిత్తులు వేయండి. మూడు వద్దు. మూడు చూపిస్తే ఒకదాని తల, ఇంకొకదాని తోక కలిపి నాలుగోది అడుగుతారు. రెండింటిలో ఏది ఎంచుకున్నా మీకు సంతోషంగా ఉండాలి. ఇష్టం లేనిదాన్ని సంఖ్య కోసం పెట్టారో, వాళ్లు ఎంచుకునేది దాన్నే.

సైజు తేల్చడానికి పాత దినపత్రికల కంటే మంచి సాధనం లేదు. అసలు కొలతలో పేపర్లు అతికించి గోడకు తగిలించండి. లిఫ్టు తలుపు తెరుచుకున్న చోట నిలబడండి, ద్వారం దగ్గర నిలబడండి, వాచ్‌మన్ కుర్చీలో కూర్చోండి. కంప్యూటర్‌లో గోడ ఫొటో మీద బొమ్మను అతికించి చూపించడం కమిటీకి పనికొస్తుంది కానీ సైజు విషయంలో అది అబద్ధం చెబుతుంది.

మన గోడకు నేను ఎంచుకునేది మూడు పలకలు, ఒక్కొక్కటి 3 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు. మధ్యలో రెండేసి అంగుళాల ఖాళీ. మొత్తం 9 అడుగుల 4 అంగుళాల వెడల్పు వస్తుంది. మూడుగా విడగొట్టడానికి అందం ఒక కారణమైతే, తలుపులు ఇంకో కారణం. స్టూడియో గుమ్మం, మెట్ల మలుపు, టెంపో వెనక భాగం, లాబీ ద్వారం, ఈ నాలుగింటిలో ఇరుకైనదే మీ పలక కొలతను నిర్ణయిస్తుంది. సోఫా వీపు ఎత్తు 32 అంగుళాలు అనుకుంటే, దానికి 9 అంగుళాల పైన పలక అడుగు మొదలవుతుంది. పై అంచు 7 అడుగుల 11 అంగుళాల దగ్గరకు చేరుతుంది. గ్యాలరీల్లో బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57, 58 అంగుళాల ఎత్తున ఉండేలా పెడతారు. ఇక్కడ అది 68 అంగుళాలకు పోతుంది. నిలబడి చూసేవాళ్లే ఎక్కువ కనుక ఇబ్బంది లేదు. కానీ బరువైన ఆకారాలను కింది సగంలో ఉంచితే బొమ్మ మనిషి మీదికి వంగినట్టు అనిపించదు.

6. దేని మీద, ఏ రంగులతో

నేరుగా గోడ మీద వేస్తే ఠీవిగా ఉంటుంది, చెమ్మ వస్తే మాత్రం దిక్కులేదు. కొత్త సిమెంటు గోడకు క్షారగుణం ఎక్కువ. కనీసం 28 రోజులు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేస్తేగానీ రంగు ముట్టకూడదు. ఎండీఎఫ్ చెక్క వద్దే వద్దు, నేల తుడిచిన నీళ్లకే అంచులు ఉబ్బుతాయి. లాబీకి నా ఓటు గట్టి చట్రానికి బిగించిన నూలు కాన్వాస్‌కే, వెనక 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రక్షణతో. బంతి తగిలినా గుంట పడదు, వెనక బల్లులు కాపురం పెట్టవు. చట్రానికి చెదల మందు పట్టించిన చెక్క, నాలుగున్నర అడుగుల ఎత్తుకు మధ్యలో కనీసం ఒక అడ్డబద్ద, మూలల్లో చెక్క మేకులు ఉండాలి. వానాకాలంలో కాన్వాస్ వదులైతే ఆ మేకులను కొద్దిగా కొట్టి బిగించుకోవచ్చు.

రంగులు ఆక్రిలిక్. తైలవర్ణాల అందం వేరు, కాదనను. కానీ అవి పూర్తిగా ఆరి తుది పూతకు సిద్ధం కావడానికి నెలలు పడుతుంది. టర్పెంటైన్ వాసనను లాబీ భరించదు. ట్యూబు మీద వర్ణకం కోడ్ చదివి కొనండి. అసలు అలిజరిన్ క్రిమ్సన్, అంటే పీఆర్ 83, వెలుతురుకు వెలుస్తుంది. దాని బదులు క్వినాక్రిడోన్ రకాల్లో పీవీ 19 తీసుకోండి. నీలానికి పీబీ 29, పీబీ 15 రెండూ వెలుతురుకు నిలుస్తాయి. ఫ్లోరసెంట్ రంగులు ఒక్క చుక్క కూడా వద్దు.

నేపథ్యపు రంగు మొత్తం ఒకేసారి కలిపి మూత గట్టిగా ఉన్న సీసాల్లో పోసుకోండి. తడి మీద కనిపించే రంగు కన్నా ఆరిన ఆక్రిలిక్ ఒక వాసి ముదురుగా ఉంటుంది. మధ్యలో రంగు అయిపోయి మళ్లీ కలిపితే మొదటి పలకకు, మూడో పలకకు తేడా అడుగడుగునా కనిపిస్తుంది.

అసలు పరీక్ష ఇంకొకటి ఉంది. వాడబోయే ప్రధాన రంగులను ఒక అడుగు సైజు చిన్న పలక మీద వేసి, రాత్రిపూట లాబీ దీపాల కింద పెట్టి చూడండి. స్టూడియోలో ఉత్తరపు వెలుతురులో నిండుగా ఉన్న బూడిద రంగు, అక్కడ పసుపు దీపం కింద మురికిగా మారవచ్చు. చవకబారు ఎల్‌ఈడీ కింద ఎరుపులు చచ్చిపోతాయి. దీపాలు మార్చగలిగితే 3000 నుంచి 3500 కెల్విన్ మధ్య, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే అంకె) 90కి తగ్గనివి అడగండి. మార్చలేమంటే మీరే ఆ దీపాలకు తగ్గట్టు రంగు మార్చుకోవాలి.

7. వేయడం

మూడు పలకలనూ పక్కపక్కన, మధ్యలో రెండంగుళాల ఖాళీతో సహా నిలబెట్టి గీయండి. ఖాళీ వదలకుండా గీసి తర్వాత విడదీస్తే కొండ వాలు ఒక పలక నుంచి ఇంకో పలకకు వెళ్లేటప్పుడు మెట్టు పడినట్టు విరుగుతుంది. చిత్తు మీద గళ్లు కొట్టి, అదే నిష్పత్తిలో కాన్వాస్ మీద సుద్ద పూసిన దారం చాచి కొడితే క్షణాల్లో గళ్లు పడతాయి. ప్రొజెక్టర్ వాడవచ్చు కానీ అంచుల్లో గీత వంగుతుంది, గళ్లతో సరిచూసుకోండి.

మొదటి విడతలో ఆకారాలు, వెలుగునీడలు మాత్రమే. ఈ దశలో 11 అడుగులు వెనక్కి నడిచి, అంటే లిఫ్టు దూరానికి వెళ్లి, చూడటం అలవాటు చేసుకోండి. స్టూడియోలో అంత చోటు లేకపోతే అద్దంలో చూడండి, దూరం రెట్టింపవుతుంది. వేసవిలో రంగు కుంచె మీదే ఆరిపోతుంటే ఫ్యాను ఆపి, పలక మీద నీళ్లు తుంపరగా చల్లుకోండి.

సగం దశలో కమిటీని పిలిచి చూపించి, రెండో విడత చెక్కు తీసుకున్నాకే వివరాల్లోకి దిగండి. అప్పుడు వచ్చే ‘ఇక్కడ ఒక నెమలి పెడితే?’ అన్న సలహాకు చిత్తు మీద వారి సంతకమే జవాబు. తొండను మాత్రం ఎవరికీ చెప్పకుండా మూడో పలక కింది మూలలో, అయిదేళ్ల పిల్లల కంటికి అందే ఎత్తులో పెట్టండి. పెద్దలకు చూపించేది పిల్లలే.

8. పైపూత

బొమ్మ పూర్తిగా ఆరాక, పలుచని పొరలకు కొన్ని రోజులు, మందంగా వేసిన చోట రెండు వారాలు ఆగి, ముందు విడదీసే పొర ఒకటి వేయాలి. మెరుపున్న మెత్తటి ఆక్రిలిక్ జెల్‌ను నీళ్లతో పలుచన చేసి వెడల్పు కుంచెతో ఒకే దిశలో పూస్తే చాలు. దాని మీద యూవీని అడ్డుకునే, అవసరమైతే తీసేయగలిగే వార్నిష్ రెండు పూతలు వేయండి. కొన్నేళ్లకు మసి పట్టిన వార్నిష్‌ను తొలగించి కొత్తది వేసేటప్పుడు అసలు రంగును కాపాడేది ఆ మధ్యపొరే. మెరుపు వార్నిష్ వద్దు, శాటిన్ తీసుకోండి. లాబీలో ఎదురుగా అద్దం తలుపు, కింద నునుపు గ్రానైట్. మెరిసే బొమ్మలో మీ గుట్టలు కాదు, వచ్చే కార్ల లైట్లు కనిపిస్తాయి.

9. మోసుకెళ్లడం, తగిలించడం

ఆక్రిలిక్‌కు వేడిలో మెత్తబడి అంటుకునే గుణం ఉంది. ఏప్రిల్ ఎండలో బుడగల ప్లాస్టిక్‌ను నేరుగా బొమ్మకు చుట్టి టెంపోలో పడేస్తే, దించేసరికి రంగు మీద వరుసగా గుండ్రటి ముద్రలు పడి ఉంటాయి. ముందు నునుపైన గ్లాసీన్ కాగితం లేదా సిలికాన్ పూసిన కాగితం, దాని మీద బుడగలు బయటికి ఉండేలా ప్లాస్టిక్, మూలలకు అట్టముక్కలు. పలకలు నిలబెట్టే తీసుకెళ్లాలి, ఒకదాని ముఖం ఇంకొకదాని వీపుకు తగలకూడదు. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ, ట్రాఫిక్ రెండూ తప్పుతాయి.

బిగింపుకు వాలుగా కోసిన జంట బద్దల పద్ధతి మంచిది. ఒక చెక్క బద్దను 45 డిగ్రీల వాలుతో పొడవునా రెండుగా కోసి, ఒక సగం గోడకు, ఇంకో సగం పలక వెనకకు మరమేకులతో బిగిస్తారు. పలకను పై నుంచి దించితే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి. మన పలక ఒక్కోటి ప్లైవుడ్‌తో కలిపి ఎనిమిది కిలోల చుట్టూ ఉంటుంది. ఒక్కో బద్దకు కనీసం మూడు యాంకర్లు పెట్టి, అంతకు నాలుగింతల బరువు మోసేలా చూసుకోండి. అడుగున రెండు చిన్న తాళం క్లిప్పులు బిగిస్తే ఎవరూ ఎత్తి తీయలేరు, తలుపు గాలికి కదలదు. గోడకు, పలకకు మధ్య అర అంగుళం గాలి ఆడనివ్వండి.

రసమట్టం పెట్టి సరిచూడండి, ఆ తర్వాత వెనక్కి వెళ్లి ఫాల్స్ సీలింగ్ గీతతో పోల్చి చూడండి. భవనాల్లో సీలింగ్ అచ్చంగా సమతలంగా ఉండదు. రెండింటికీ పొంతన కుదరకపోతే నేను సీలింగ్ వైపే మొగ్గుతాను. చూసేవాళ్ల చేతిలో రసమట్టం ఉండదు, కంటి ముందు సీలింగ్ గీత మాత్రం ఉంటుంది. దీపాలను నిలువుకు 30 డిగ్రీల వాలుతో తిప్పించి, సోఫాలో కూర్చున్నవారి కళ్లలో పడకుండా చూసుకోండి.

10. అప్పగింత

తగిలించిన రోజే మంచి కెమెరాతో మొత్తం బొమ్మను, ఒక్కో పలకను, నాలుగు మూలలను ఫొటోలు తీయించండి. తర్వాత దెబ్బ తగిలిందంటే అంతకుముందు ఎలా ఉందో చూపడానికి అవే సాక్ష్యం. బొమ్మ పక్కన చిన్న ఫలకం పెట్టించండి: పేరు, మీ పేరు, సంవత్సరం, మాధ్యమం. ఇది పొగరు కాదు, 57వ సెక్షన్ ఇచ్చిన హక్కు.

సంరక్షణ కాగితం ఒకే పేజీ ఉండాలి, తెలుగులోనే ఉండాలి. చదవాల్సింది అధ్యక్షుడు కాదు, శుభ్రం చేసేవారు. మెత్తటి పొడి కుంచెతో పదిహేను రోజులకోసారి దుమ్ము దులపాలి. తడిగుడ్డ, కొలిన్, ఫినాయిల్, డెట్టాల్ ఏవీ తగలకూడదు. పండగ అలంకరణల టేపు, పూలదండలు, సీరియల్ లైట్లు బొమ్మకు కట్టకూడదు. దీపాలు, అగరుబత్తులు మూడు అడుగుల దూరంలో ఉండాలి. మండపం పెట్టేటప్పుడు బొమ్మ మీద పరచడానికి ఉతికిన నూలు దుప్పటి ఒకటి ఇవ్వండి, ప్లాస్టిక్ వద్దని రాయండి. ఈ కాగితాన్ని లామినేట్ చేయించి ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి అసోసియేషన్ ఫైలులో పెట్టించండి.

కలిపి ఉంచిన నేపథ్యపు రంగులో కొంత, వాడిన వర్ణకాల కోడ్‌ల జాబితాతో సహా, మీ స్టూడియోలోనే దాచుకోండి. ఏడాదికోసారి వచ్చి చూడటానికి ఎంత తీసుకుంటారో ఒప్పందంలోనే ఉంటే ఆ రాక మొహమాటం పని కాదు. మొదటి వానాకాలం అయిపోయాక, అక్టోబరు చివర్లో వెళ్లండి. పలక అడుగు అంచు, గోడ చెమ్మ, యాంకర్ల పట్టు, వెనకాల కందిరీగ గూడు, ఈ నాలుగూ చూసుకుని, చివరి విడత 48,000 ఇంకా రాకపోయి ఉంటే అది కూడా అడిగి తెచ్చుకోండి.